సముద్రం మీద తెల్లచుక్క

చంద్రుడి మీద రాళ్లు గుర్తుపట్టే ఉద్యోగం నాకు తెనాలిలో దొరికింది. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్లే మొదట నవ్వారు. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో నాది కాని సబ్జెక్టు ఏడేళ్లు చెప్పి, విసిగిపోయి ఉన్నాను. తెనాలి మార్కెట్‌కు దగ్గర్లో ఒక బట్టల కొట్టు మీద, రెండో అంతస్తులో కొత్తగా ఆఫీసు తెరిచారనీ, ఫోటోలు చూసి గుర్తులు పెట్టే పని ఉందనీ, రాళ్ల గురించి చదివినవాళ్లు ఒకరు కావాలనీ ఎవరో చెబితే వెళ్లాను. మర్నాటి నుంచే రమ్మన్నారు.

వ్యోమనౌకలు చంద్రుడి చుట్టూ తిరుగుతూ తీసిన ఫోటోలు మాకు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. వాటిలో ఏది రాయి, ఏది గొయ్యి, ఏది చదును నేల అన్నది మనుషులు కూర్చుని గుర్తులు పెట్టాలి. అలా వేలకొద్దీ ఫోటోలు చూపిస్తే, రేపు చంద్రుడి మీద దిగబోయే యంత్రం తనంతట తాను రాయిని తప్పించుకుని దిగడం నేర్చుకుంటుంది. ఇరవైమందికి పైగా ఉండేవాళ్లం, ఎక్కువమంది డిగ్రీ పాసయిన ఆడపిల్లలే. కిందనుంచి చీరల బేరాలు వినిపిస్తుండగా, ఆటోల హారన్ల మధ్య, గాలీ నీరూ లేని నేలను చూస్తూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. వాళ్లు పెట్టిన గుర్తులు సరిగా ఉన్నాయో లేదో చూడటం నా పని.

కొత్తగా చేరినవాళ్లందరూ మొదటి రోజు ఒకే తప్పు చేస్తారు. గొయ్యిని గుట్ట అనుకుంటారు, గుట్టను గొయ్యి అనుకుంటారు. ఎందుకంటే వెలుతురు పైనుంచి పడుతుందని మన కంటికి పుట్టినప్పటినుంచీ అలవాటు. ఫోటోలో ఎండ కిందివైపు నుంచి వస్తే కన్ను మోసపోతుంది. లోతుగా ఉన్నది ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అందుకని నేను అందరికీ చెప్పే మొదటి మాట, ముందు సూర్యుడు ఎటువైపు ఉన్నాడో చూడండి, తర్వాతే ఏదైనా. రాయికి నీడ బయట పడుతుంది, గొయ్యికి నీడ లోపల పడుతుంది. నీడ పొడవును బట్టి రాయి ఎత్తు తెలుస్తుంది.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. ఒక ఫోటోను చూసి నమ్మకూడదు. అదే చోటును వేరే రోజు తీసిన ఫోటో తెరిచి పక్కన పెట్టుకోవాలి. అప్పుడు ఎండ ఇంకో పక్కనుంచి ఉంటుంది కాబట్టి, కనబడింది నిజంగా రాయే అయితే నీడ అటు మారుతుంది. కెమెరాలో దోషమైతే రెండో ఫోటోలో ఉండదు. ప్రతి గుర్తు పక్కనా ఖాయమో, సందేహమో రాయాలి. సందేహం అని రాస్తే అది నా దగ్గరికి వస్తుంది. నేను రెండో ఫోటో తెరిచి తేలుస్తాను. రోజుకు వందసార్లు అదే పని.

ఆఫీసు తెరిచిన రెండో ఏడు ఆ అమ్మాయి చేరింది. పొద్దున్నే రేపల్లె నుంచి వచ్చే ప్యాసింజర్‌లో దిగి, స్టేషన్ నుంచి నడుచుకుంటూ వచ్చేది. వాళ్లది నిజాంపట్నం దగ్గర ఒక పల్లెపాలెం. వాళ్లాయన మరబోటు మీద సరంగు, అంటే బోటు నడిపేవాడు. బోటులో ఐసూ డీజిలూ వేసుకుని వేటకు వెళితే వారం, పది రోజులు సముద్రం మీదే. నాలుగేళ్ల కూతుర్ని అత్తగారికి అప్పజెప్పి ఈమె ఉద్యోగానికి వచ్చేది. వాళ్ల ఇళ్లల్లో రైలెక్కి ఆఫీసుకు వెళ్లిన మొదటి ఆడపిల్ల తనేనట.

మొదటి రెండు రోజులు అందరిలాగే గొయ్యిని గుట్ట అంది. మూడో రోజు వచ్చి కూర్చుని, ఒక్కటీ తప్పు పెట్టలేదు. ఎలాగని అడిగాను. రైల్లోంచి రొయ్యల చెరువులు చూసుకుంటూ వచ్చానక్కా, పొద్దుటి ఎండకి గట్టు నీడ చెరువులో ఒకపక్కనే పడతది, సాయంత్రం వెళ్లేటప్పుడు రెండోపక్కన పడతది, ఇదీ అంతే గదా అంది. ఏడేళ్లు పాఠాలు చెప్పిన నాకు అంత సులువైన ఉదాహరణ తట్టలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె మెట్ల మీదకు వెళ్లి విడిగా కూర్చునేది. డబ్బాలో చేపల కూరో, ఎండురొయ్యల పులుసో ఉండేది. లోపల కొందరు ముక్కు చిట్లించారని గమనించి తనే వెళ్లిపోయింది. మా ఇంట్లో నీచు వండరు, నాకూ ఆ వాసన అలవాటు లేదు. అయినా ఒకరోజు నా డబ్బా పట్టుకుని ఆ మెట్ల మీదకే వెళ్లాను. తర్వాత రోజూ అక్కడే తిన్నాం. ఆమె చెప్పే కబుర్లన్నీ సముద్రానివే. వాళ్లాయన తిరిగొచ్చే రోజు ఎలా తెలుస్తుందో, జెట్టీ దగ్గర ఏ బోటు ఇంజను చప్పుడు ఏదో వాళ్ల అత్తగారు ఇంట్లోంచే ఎలా గుర్తుపడుతుందో చెప్పేది.

ఒకసారి చంద్రుడి గొయ్యి ఒకదాని లోపలి గోడ మీద, పైనుంచి కిందికి కుట్టుపని లాంటి గీత ఒకటి కనిపించింది ఆమెకు. నన్ను పిలిచింది. ఎప్పుడో ఒక బండరాయి ఊడి, దొర్లుకుంటూ, ఎగిరి పడుతూ కిందికి జారిన జాడ అది. తన పని కాకపోయినా ముక్క తర్వాత ముక్క తెరుచుకుంటూ వెళ్లి, చివరన ఆగిపోయి ఉన్న రాయిని పట్టుకుంది. ఎప్పుడు పడిందక్కా అని అడిగింది. తెలియదన్నాను. అక్కడ గాలి లేదు కాబట్టి లక్షల ఏళ్ల కిందటి జాడైనా అలాగే ఉంటుందని చెప్పాను. కాసేపు అలాగే చూసి, మా నీళ్ల మీద అయితే రెండు నిమిషాల కిందట బోటు వెళ్లిన జాడ కూడా ఉండదక్కా అంది.

ఆ ఏడు కార్తీకమాసంలో వాయుగుండం పట్టింది. వేటకెళ్లిన బోట్లన్నిటికీ వెనక్కి రమ్మని చెప్పారు. మంగళవారం పొద్దునకల్లా చాలా బోట్లు నిజాంపట్నం చేరాయి. వాళ్లాయన బోటు రాలేదు. ఇంజను ఇబ్బంది పెడుతోంది, మెల్లగా వస్తున్నామని మంగళవారం మధ్యాహ్నం వైర్‌లెస్ సెట్టులో ఇంకో బోటుకు చెప్పాడట. అందులో అయిదుగురు ఉన్నారు. ఆ తర్వాత మాట లేదు. బుధవారం, గురువారం విపరీతమైన గాలి, వాన. మా బాపట్లలోనే చెట్లు పడిపోయి కరెంటు పోయింది. నేను ఫోన్ చేస్తే ఆమె ఎత్తి, ఇంకా రాలేదక్కా అని ఒక్కమాట చెప్పి పెట్టేసింది.

శనివారం పొద్దున ఆమె ఆఫీసుకు వచ్చింది. వెంట వాళ్ల మామగారు ఉన్నాడు. ఒకప్పుడు ఆయనా సరంగే. నడుము వంగినా మనిషి గట్టిగా ఉన్నాడు. లుంగీ మీద చొక్కా వేసుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. మేమంతా పనికొచ్చిందేమో అనుకున్న క్షణం ఒకటి ఉంది. కానీ ఆమె తన కుర్చీ వైపు వెళ్లలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నిన్న మబ్బు పోయింది. పైనుంచి ఫోటో తీసుంటారు గదా. చూద్దాం" అంది.

నిజమే. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహాలు తీసే ఫోటోలు కొన్ని ఎవరైనా చూసుకునేలా ఉచితంగా దొరుకుతాయి. మేము ఖాళీ దొరికినప్పుడు మా ఊళ్లు వెతుక్కునేవాళ్లం. రేపల్లె చుట్టూ గళ్ల దుప్పటి పరిచినట్టుండే చెరువుల్లో వాళ్ల పాలెం ఎక్కడుందో ఆమెకు నేనే చూపించాను. మేనేజరు ఏమీ అనకుండా నా పక్కన రెండు కుర్చీలు వేయించాడు. శుక్రవారం పొద్దుటి ఫోటో దొరికింది. తీరం పొడవునా ఒక పట్టీ మాత్రమే ఉంది, సముద్రంలో బాగా లోపలికి ఆ ఉపగ్రహం ఫోటోలు తీయదు. నీళ్లు ఇంకా కలకబారి, మట్టిరంగులో ఉన్నాయి. చెదురుమదురు మబ్బులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చంద్రుడి ఫోటోల్లో ఒక గడి, అంటే ఒక పిక్సెల్, అర మీటరో, మీటరో. ఈ ఫోటోలో ఒక గడి పది మీటర్లు. మరబోటు మొత్తం ఒకటి, రెండు గళ్లకు మించదు. అల విరిగినా తెల్లటి గడే, బోటయినా తెల్లటి గడే. ఇది నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా ఇద్దరం పైనుంచి కిందికి, వరస తప్పకుండా, ఆఫీసు పనిలాగే వెతుక్కుంటూ వచ్చాం. మామగారు వెనక నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

కృష్ణ సముద్రంలో కలిసేచోటికి ఎదురుగా, కొంచెం లోపల, ఆమె ఆగిపోయింది.

"అక్కా, ఇది చూడు. తెల్లగా ఉంది. పక్కన నల్లగా ఉంది. నీడ గదా?"

సూర్యుడు ఎటు ఉన్నాడో చూశాను. ఆ నలుపు సరైన పక్కనే ఉంది. కానీ మరబోటు ఎత్తెంత, ఆ పొద్దుకి దాని నీడెంత? నాలుగైదు మీటర్లు. పది మీటర్ల గడిలో నాలుగు మీటర్ల నీడ విడిగా నల్లగా పడదు. ఈ లెక్క నా బుర్రలో పూర్తిగా అయిపోయింది. అయిపోయిన సంగతి నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది.

"బోటేనా అక్కా?"

ఆమె చెయ్యి బల్ల మీద ఉంది. గోళ్లలో ఇసుక ఉంది. రెండు రోజులుగా ఒడ్డున కూర్చుని వచ్చిన మనిషి. నేను ఆ చేతిని చూస్తూ, "కాదని చెప్పలేను" అన్నాను.

ఆఫీసులో ఆ మాటకు అర్థం సందేహం. సందేహం అంటే ఇంకో ఫోటో తెరవాలని. ఆ గదిలో అందరికీ తెలిసిన భాష అది. కానీ ఆ రోజు ఆమె దాన్ని ఆ భాషలో వినలేదు. వినదని నాకు తెలిసి ఉండాల్సింది.

మామగారు మొదటిసారి మాట్లాడాడు. "నీళ్లు పడమటికి, సూర్యలంక వైపు లాగే రోజులమ్మా ఇయ్యి. ఇంజను ఆగిపోయిన బోటు వాటికెదురుగా అటెట్టా పోద్ది?" అన్నాడు.

"ఫోటోలో ఉంది మామయ్యా" అంది ఆమె, వెనక్కి తిరగకుండా.

ఆయన నా వైపు చూశాడు. చదువుకున్నదాన్ని, నేను చెబుతానని చూశాడు. నేను మౌనంగా ఉన్నా సరిపోయేది. వాయుగుండం కదండీ, గాలి ఎటు పడితే అటు తిరిగి ఉండొచ్చు అన్నాను. సముద్రం మీద నలభై ఏళ్లు తిరిగిన మనిషికి, ఒక్కసారి కూడా బోటెక్కని నేను గాలి గురించి చెప్పాను. ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. నేను ఆ చోటు అక్షాంశం, రేఖాంశం కాగితం మీద రాసిచ్చాను. ఆమె దాన్ని మడిచి గుప్పిట్లో పట్టుకుని, మధ్యాహ్నం రైలు దాకా ఆగలేక బస్టాండుకు పరుగెత్తింది. బస్సులోంచే ఫోన్లు చేసిందట. వాళ్లు ఊరు చేరేసరికి ఎనిమిది బోట్లు సిద్ధంగా ఉన్నాయి.

అప్పటిదాకా ఆ బోట్లవాళ్లు రెండు జట్లుగా విడిపోయి వెతకాలనుకున్నారని తర్వాత తెలిసింది. నాలుగు బాపట్ల దగ్గరి సూర్యలంక వైపు, నాలుగు ఏటిమొగ, అంటే కృష్ణ సముద్రంలో కలిసేచోటి వైపు. కాగితం చూశాక ఎనిమిదీ ఏటిమొగ వైపే వెళ్లాయి. లోపలి నీళ్లలో పెద్ద ఓడ ఒకటి వెతుకుతోందని బాపట్ల కలెక్టరేటులో చెప్పారు కాబట్టి, అది లోపల చూసుకుంటుంది, మనం ఫోటోలో ఉన్నచోటు చూద్దాం అనుకున్నారు. వెళ్లినవాళ్లకు అక్కడ బోటు కనిపించలేదు. ఇసుకతిన్నె మీద అల విరుగుతోంది. బోటు ఆ తిన్నెకు కొట్టుకుని పగిలి ఉంటుందని, చెక్కలైనా దొరుకుతాయని ఆదివారం పొద్దుగూకేదాకా చుట్టుపక్కలంతా వెతికి తిరిగొచ్చారు.

సోమవారం మధ్యాహ్నం, సూర్యలంకకు ఎదురుగా బాగా లోపల, వాడరేవు నుంచి వేటకెళ్లిన ఒక బోటుకు బోర్లాపడి తేలుతున్న బోటు కనిపించింది. దానికి తాడుతో తనను తాను కట్టుకుని ఒక మనిషి ఉన్నాడు. అయిదుగురిలో బతికినవాడు అతనొక్కడే, అది వాళ్లాయన కాదు. ఒడ్డుకు చేర్చి, బాపట్ల పెద్దాసుపత్రికి తెచ్చారు. నాకు ఆమె ఫోన్ చేయలేదు. ఊళ్లో అందరూ చెప్పుకుంటుంటే తెలిసి, నేనే వెళ్లాను.

ఆసుపత్రి వరండాలో వాళ్ల పాలెం వాళ్లు యాభైమంది దాకా ఉన్నారు. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. బతికొచ్చిన మనిషితో మాట్లాడి మామగారు బయటికి వచ్చాడు. బోటు బుధవారం తెల్లారేముందు తిరగబడిందట. ఇద్దరు అప్పుడే పోయారు. ఒకతను శుక్రవారం పోయాడు. మిగిలిన ఇద్దరూ, అతనూ వాళ్లాయనా, బోటు అడుగుచెక్క మీద పడుకుని, వానలో తడిసిన చొక్కాలు పిండుకుని తాగి గడిపారు. ఆయన ఇదంతా నెమ్మదిగా, ఒక్కొక్కటిగా చెప్పి, చివరికి ఆమె దగ్గర కూర్చుని చెప్పాడు.

"ఆదివారం పొద్దున ఎండెక్కేదాకా మాట్లాడతానే ఉన్నాడంటమ్మా. బోట్లొస్తాయి, మనోళ్లొస్తారు అంటా ఉన్నాడంట."

ఆమె ఏడవలేదు. ఆదివారమా అని అడిగింది. ఆయన అవునన్నాడు. ఆదివారం పొద్దునా అని మళ్లీ అడిగింది. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. ఆమె నన్ను చూసింది, చూసి పలకరింపుగా తల ఊపింది కూడా. ఆ తల ఊపడం భరించలేక నేను ఇంటికి వచ్చేశాను. మంగళవారం వాళ్లాయన శవం సూర్యలంక ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పోస్టుమార్టం చేయించి, ఆటోట్రక్కులో పాలెం తీసుకువెళ్లారు. నేను వీధి చివర దాకా వెళ్లాను గానీ, బండి దగ్గరికి వెళ్లలేదు.

ఇసుకతిన్నె మీద అల విరుగుతోందన్న మాట నన్ను వదల్లేదు. ఆ గురువారం ఆఫీసులో, మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక, ఆ ఫోటో మళ్లీ తెరిచాను. దాని పక్కన అదే చోటును అంతకు ముందు నెలలో తీసిన ఫోటో పెట్టాను. తెల్లచుక్క అక్కడే ఉంది. దాని ముందుది తెరిచాను. అక్కడే ఉంది. ఇంకొకటి. అదే తెలుపు, పక్కన అదే నలుపు. ఆ ఏడాది వరదకు నది మోసుకొచ్చి పేర్చిన ఇసుక అది. తిన్నె అంచున అల తెల్లగా విరుగుతోంది. దాని వెనక లోతు నీళ్లు నల్లగా ఉన్నాయి. బోటు వేటకు బయల్దేరక ముందునుంచీ ఆ చుక్క అక్కడే ఉంది.

రోజుకు వందసార్లు చేసే పని. ఏదో ముక్కూమొహం తెలియని కంపెనీ కోసం, మనిషి జాడ లేని నేల మీది రాళ్ల కోసం చేసే పని. శనివారం ఆ ఒక్కసారి చేయలేదు. ఎందుకు చేయలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. తొందర అనుకున్నాను. ఆమె చెయ్యి చూసి మెత్తబడ్డానని అనుకున్నాను. రెండూ పూర్తిగా నిజం కావు. రెండో ఫోటో తెరిస్తే అది బోటు కాదని తేలిపోతుందేమోనని లోపల ఎక్కడో భయపడ్డాను. కాదని తేలితే ఆ మాట ఆమెకు నేను చెప్పాలి. చెప్పడం ఇష్టం లేక తెరవలేదు.

ఇంట్లో మా ఆయనకు చెప్పాను. నువ్వు బోటని చెప్పలేదు కదా, వాళ్లు అలా అనుకుంటే నువ్వేం చేస్తావు, ఇప్పుడు వెళ్లి చెబితే వాళ్లకు ఇంకా బాధ తప్ప ఏముంది అన్నాడు. ఆయన నా మంచికే చెప్పాడు. నేనూ కొన్ని రోజులు ఆ మాట పట్టుకుని తిరిగాను. రోజూ తెనాలి వెళ్లే రైల్లో కూర్చుంటే మాత్రం, ఆదివారం పొద్దున నేనేం చేస్తున్నానో గుర్తొచ్చేది. బాపట్లలో మా ఇంటి మేడ మీద తడిసిన బట్టలు ఆరేస్తున్నాను. సూర్యలంక మా ఇంటికి అయిదు మైళ్లు కూడా ఉండదు.

పదకొండో రోజు కార్యాలన్నీ అయ్యాక, ఒక ఆదివారం తెనాలిలో రేపల్లె రైలెక్కాను. రేపల్లెలో దిగి, నిజాంపట్నం వెళ్లే షేరాటోలో పాలెం చేరాను. అంతకు ముందు ఎన్నోసార్లు రమ్మని పిలిచింది, ఎప్పుడూ వెళ్లలేదు. ఇంటి ముందు పందిరి కింద మామగారు వల బాగు చేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, లోపలినుంచి కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె వచ్చి గుమ్మంలో కూర్చుంది. పాప నిద్రపోతోందని చెప్పింది. మంచినీళ్లు ఇచ్చారు. తాగాను.

అప్పుడు చెప్పాను. నీడ అంత పడదని నాకు ఆ రోజే తెలుసని చెప్పాను. పాత ఫోటోలు తర్వాత చూశాననీ, వాటిలోనూ ఆ చుక్క ఉందనీ చెప్పాను. ముందే చూసి ఉంటే బోటు కాదని ఆ రోజే తేలిపోయేదని, ఆ మాట కూడా మింగకుండా చెప్పాను. మామగారి చేతిలో వల అలాగే ఆగిపోయింది.

ఆమె ఆఫీసులో ఏదైనా సంగతి అడిగినట్టే అడిగింది.

"పాతది తెరిచి చూడ్డానికి ఎంతసేపు పట్టేదక్కా?"

"రెండు నిమిషాలు" అన్నాను.

తల ఊపింది. లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను కూర్చునే ఉన్నాను. మామగారు వల పక్కన పెట్టి, నేల చూస్తూ మాట్లాడాడు.

"నాకూ తెలుసమ్మా నీళ్లెటు లాగుతాయో. నాలుగు బోట్లన్నా అటు పంపండ్రా అని అనాల్సింది. ఫోటో ఉందంటన్నారు, పెద్ద చదువులోళ్లు చెప్పారంటన్నారు, ముసలోణ్ణి మనదేముందిలే అనుకున్నా. నా కొడుకే గదా. అరిచి చెప్పాల్సింది."

ఆయన నన్ను ఓదార్చడానికి ఆ మాట అనలేదు. నాకు చెబుతున్నట్టు కూడా లేదు. తన తప్పును నా తప్పు పక్కన పెట్టి చూసుకుంటున్నాడు. సూర్యలంక వైపు నాలుగు బోట్లు వెళ్లి ఉంటే అంత నీళ్లలో అవి ఆ బోటును చూసేవో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరిలో ఎవరమూ ఆ మాట పైకి అనలేదు. నన్ను ఆటో దాకా దిగబెట్టాడు. ఆటో డ్రైవరుతో, రేపల్లె స్టేషన్ దగ్గర దించు, రైలు వేళయింది అని చెప్పాడు.

రెండు నెలల తర్వాత ఆమె ఆఫీసుకు వచ్చింది, పనికి కాదు. ఐడీ కార్డు ఇచ్చేసి, సర్టిఫికెట్లు తీసుకోవడానికి. తనతో కూర్చునే పిల్లలందరూ చుట్టూ చేరారు, ఒకరిద్దరు ఏడ్చారు. వెళుతూ నా బల్ల దగ్గర ఆగింది. వెళ్లొస్తాను మేడం అంది. ఇన్నాళ్లలో ఆమె నన్ను ఆ మాటతో పిలవడం అదే మొదటిసారి. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే ఏదో ఒకటి మాట్లాడేదాన్నేమో.

నేను ఆ ఉద్యోగం మానలేదు. మానితే ఏదో ప్రాయశ్చిత్తం చేసుకున్నట్టు ఉంటుందని అనిపించింది, అది నాకు తగదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను చూసి భయపడతారు. ఖాయం అని పెట్టిన గుర్తుకు కూడా రెండో ఫోటో చూపించమంటాను, లేకపోతే వెనక్కి పంపిస్తాను. దానివల్ల పని ఆలస్యమవుతోందని మేనేజరు రెండుసార్లు అన్నాడు. ఎవరికీ కారణం చెప్పలేదు. పాతవాళ్లలో తెలిసినవాళ్లు మానేసి వెళ్లిపోయారు.

కిందటి ఎండాకాలం తెనాలి స్టేషన్‌లో ఆమె కనిపించింది. రేపల్లె రైలు కోసం ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుంది, పక్కన పాప. పాప పెద్దదయింది, బడికి వెళుతోందట. రేపల్లెలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తున్నానని చెప్పింది. పాపకు దూరంగా ఉన్నవి సరిగా కనిపించడం లేదంటే కళ్ల డాక్టరుకు చూపించడానికి తెనాలి తీసుకొచ్చిందట. అద్దాలు రాశారు, వారంలో వస్తాయి అంది. మామగారు ఎలా ఉన్నారని అడిగాను. బానే ఉన్నారండి, ఒడ్డుకి వెళ్లడం మానేశారు అంది. నేను ఇంకేదో అడగబోయాను. రైలు వచ్చింది.

రద్దీగా ఉంది. పాపను ముందు ఎక్కించి, సంచి అందించి తనూ ఎక్కింది. కిటికీ దగ్గర చోటు దొరికింది. ఆంటీకి టాటా చెప్పమ్మా అంది. పాప చెప్పలేదు. కళ్లు చికిలించి, నేనెవరా అన్నట్టు చూస్తూ ఉండిపోయింది. రైలు కదిలింది.